పదార్థం ఒకటే, సైజు వేరు

శ్రోతలందరికీ నమస్కారం.

గోడకు వేసే తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ అనే పొడి టూత్‌పేస్టులో, మాత్రల పైపూతలో, చూయింగ్ గమ్‌లో, సన్‌స్క్రీన్ క్రీముల్లో కూడా ఉంటుంది. చాలా ఏళ్లు దీనివల్ల ఏ హానీ లేదనే అనుకున్నారు. దాన్ని నానో సైజులో తయారుచేయడం మొదలయ్యాక ఆ ధీమా సడలింది.

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. వంద నానోమీటర్ల లోపు ఉన్నవి నానో కణాలు. బెల్లం అచ్చు కంటే తురిమిన బెల్లం తొందరగా కరుగుతుంది కదా, పొడి అయ్యేకొద్దీ బయటపడే ఉపరితలం పెరిగి, తాకినదాని మీద దాని ప్రభావమూ పెరుగుతుంది. ఇంత సన్నని పొడి పీలిస్తే ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. అక్కడ పేరుకుంటే వాపు మొదలవుతుంది. అందుకే 2011లో అమెరికాలోని కార్మిక ఆరోగ్య సంస్థ నియోష్, ఘనపు మీటరు గాలిలో ఈ పొడి మామూలు సైజుదైతే 2.4 మిల్లీగ్రాములు, నానో సైజుదైతే 0.3 మిల్లీగ్రాములు మించకూడదని సూచించింది. అంటే ఎనిమిదో వంతు!

తిండి సంగతీ ఉంది. 2021లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, ఈ తెల్లరంగు డీఎన్ఏను దెబ్బతీయదని చెప్పలేమంది. మరుసటి ఏడాది అక్కడ ఆహారంలో నిషేధించారు. ప్యాకెట్ మీద 171 అనే నంబరు కనిపిస్తే అది ఇదే. పిల్లలకు కొనేముందు ఒకసారి చూడండి.

వాసన రాకుండా సాక్సుల్లో వాడే నానో వెండి మరో రకం. ఉతికినప్పుడు కొంత నీళ్లలోకి పోతుంది. బ్యాక్టీరియాను చంపడమే దాని పని. మురుగును శుద్ధిచేసేదీ బ్యాక్టీరియానే. నీటిలోని చిన్న జీవులకూ వెండి విషమే.

క్రీములో, ఎండిన పెయింటులో చిక్కుకున్న కణాల గురించి టెన్షన్ పడక్కర్లేదు. చర్మంలోంచి అవి లోపలికి పోవడం చాలా తక్కువ. యూరప్‌లో ఈ నానో పొడిని సన్‌స్క్రీన్ క్రీములో వాడేందుకు అనుమతి ఉంది, పీల్చే అవకాశమున్న స్ప్రేలో వాడేందుకు లేదు. పైగా 2013 నుంచి అక్కడ సౌందర్య సాధనాల లేబుల్ మీద ‘నానో’ అని రాయాల్సిందే. మన దగ్గరా ఆ నియమం రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నా బెంగంతా పొడి బస్తాలు విప్పి మిక్సర్లలో పోసే కార్మికుల గురించే. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఈ కణాలను ఆపదు. మీవాళ్లెవరైనా ఆ పనిలో ఉంటే, ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్-95 మాస్కు ఇవ్వమని, పొడి పోసేచోటే దుమ్మును లాగేసే ఏర్పాటు చేయమని యజమానిని అడగమనండి.