రెండు తీగలతో గురిపెట్టే యాంటెన్నా

మిత్రులారా, నమస్కారం.

హామ్ రేడియోలోకి, అంటే లైసెన్సుతో సరదాకి రేడియోలో మాట్లాడుకునే అభిరుచిలోకి, కొత్తగా వచ్చినవాళ్లు సెట్టు మీద పెట్టే ధ్యాసలో పావు వంతు కూడా యాంటెన్నా మీద పెట్టరు. మన మాట దూరం వెళ్లాలన్నా, దూరం నుంచి వచ్చే సన్నని మాట మన చెవిన పడాలన్నా అసలు పని దానిదే. టవరు, తిప్పే మోటారు లేకపోయినా మామూలు వైరుతో ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా కట్టుకోవచ్చు. 20 మీటర్ల బ్యాండుకు (14 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి) అది ఎలాగో చూద్దాం.

మొదటి తీగ డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపే సాదా తీగ యాంటెన్నా. 143ని మెగాహెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీతో భాగిస్తే పొడవు మీటర్లలో వస్తుంది. 14.15కి 10.1 మీటర్లు. దాన్ని సగానికి కోసి మధ్యలో కోయాక్స్ (సెట్టు నుంచి వచ్చే కేబుల్) కలపాలి. రెండోది రిఫ్లెక్టర్. కోత లేని ఒకే ముక్క, 10.6 మీటర్లు. డైపోల్‌కు 3.2 మీటర్ల వెనక, సమాంతరంగా, అదే ఎత్తులో తాళ్లతో లాగి కట్టాలి.

ఈ రెండో తీగకు ఏ కేబులూ కలపం. అయినా డైపోల్ నుంచి వచ్చే తరంగం దానిలో కరెంటు పుట్టిస్తుంది. తీగ ఐదు శాతం పొడవు కాబట్టి ఆ కరెంటు కాస్త వెనకబడుతుంది. దాంతో అది తిరిగి వెదజల్లే తరంగం వెనకవైపు డైపోల్ తరంగాన్ని చాలావరకు కొట్టేస్తుంది, ముందువైపు దానికి తోడవుతుంది. 1926లో జపాన్‌లో ఉదా, యాగి అనే ఇంజనీర్లు లోకానికి చూపించింది ఈ సంగతే. డైపోల్ కన్నా సుమారు 4 డెసిబెల్స్ లాభం. అంటే మీ 100 వాట్లు అవతలివాళ్లకు 250 వాట్లలా వినిపిస్తాయి. వెనక దిక్కు గోల తగ్గడం నా దృష్టిలో అంతకన్నా పెద్ద లాభం.

ప్లాస్టిక్ తొడుగు ఉన్న వైరు లెక్క కన్నా రెండు మూడు శాతం పొట్టిగా ఉండాల్సి వస్తుంది. వెంటనే కత్తిరించకండి. చివర్లను వెనక్కి మడిచి అదే తీగకు చుట్టండి, రిఫ్లెక్టర్‌నూ అదే నిష్పత్తిలో తగ్గించండి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తుందో చెప్పే అంకె) 1.5 దగ్గర ఆగితే టెన్షన్ వద్దు, వెనక్కి వచ్చేది 4 శాతం పవరే. అంకె ఇంకా దించాలని రిఫ్లెక్టర్‌ను మారుస్తూ పోతే గురి చెడుతుంది.

కోయాక్స్‌ను డైపోల్‌కు కలిపే చోటే ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) రింగు గుండా కొన్ని చుట్లు తిప్పండి. లేకపోతే కేబుల్ పై పొర కూడా యాంటెన్నాలా పనిచేసి, వద్దనుకున్న గోలను లోపలికి తెస్తుంది. ఎత్తు పది మీటర్లుంటే మంచిది. కరెంటు లైన్ల దరిదాపుల్లో మాత్రం తీగ ఎక్కించకండి. తాడు తెగి తీగ పడినా లైన్లకు తగలనంత దూరం ఉండాలి.

కట్టాక, రిఫ్లెక్టర్ లేని వైపు నుంచి నిలకడగా వచ్చే స్టేషన్ ఒకటి పట్టి, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్‌ను కాసేపు గమనించండి. తర్వాత రిఫ్లెక్టర్‌ను డైపోల్‌కు అవతలి వైపుకు మార్చి మళ్లీ చూడండి. ముల్లు ముందున్న చోటు కన్నా సుమారు రెండు పాయింట్లు తగ్గితే మీ బీమ్ (గురిపెట్టే యాంటెన్నా) సరిగ్గా పనిచేస్తున్నట్టే.