నమీబియా ఎడారి: పొగమంచు తాగి బతికే ప్రాణులు

[తెర మీద: తెల్లవారుజాము. ఇసుక దిబ్బ కొన. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.]

ఈ పెంకుపురుగును కాసేపు చూస్తూ ఉండండి. బొటనవేలి గోరంత ఉంటుంది, నల్లగా. రాత్రంతా ఇసుకలో పూడుకుని పడుకుంది. ఇప్పుడు చలికి వణికే వేళలో, మామూలుగా బయటికే రాని వేళలో, లేచి దిబ్బ ఎక్కుతోంది. కొన దాకా వచ్చింది. గాలి ఎటు నుంచి వస్తోందో అటు తిరిగింది. తల కిందికి దించి, వెనక భాగం పైకెత్తి అలాగే నిలబడిపోయింది.

[దగ్గరగా: వీపు మీద చిన్న చిన్న నీటి చుక్కలు]

పొగమంచు వచ్చి వీపుకు తగులుతోంది. చుక్క పక్కన చుక్క చేరుతోంది. బరువెక్కిన చుక్క వీపు మీదుగా జారి, తల దాటి, సరిగ్గా నోటి దగ్గరికి వచ్చింది. అది తాగుతోంది.

దీని పేరు ఓనిమాక్రిస్ ఉంగిక్యులారిస్. 1976లో హామిల్టన్, మేరీ సీలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ పురుగులను పొగమంచుకు ముందు, తర్వాత తూకం వేశారు. కొన్ని పురుగులు ఒక్క ఉదయంలోనే తమ ఒంటి బరువులో మూడో వంతు దాకా నీళ్లు తాగాయి. అరవై కిలోల మనిషి ఒక్క పూట ఇరవై లీటర్లు తాగినట్టు!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 'నీళ్లు పట్టే పురుగు' అని ఆన్‌లైన్లో వెతికితే ఎక్కువగా వేరే పురుగు ఫోటో వస్తుంది. వీపు మీద గుబ్బలున్న స్టెనోకారా అది. 2001లో వచ్చిన ఒక పరిశోధన పత్రం ఆ గుబ్బలే నీళ్లు పడతాయని చెప్పింది, ఆ మాట ప్రపంచమంతా పాకింది. 2010లో మరో బృందం నాలుగు రకాల పురుగులను పక్కపక్కనే పెట్టి చూసింది. తలకిందులుగా నిలబడి మంచు పట్టింది ఒక్క ఓనిమాక్రిస్ ఉంగిక్యులారిసే. దాని వీపు మీద ఆ గుబ్బలు లేవు. ఫోటో పంచుకునే ముందు వీపు ఒకసారి చూడండి.

[మ్యాప్: ఆఫ్రికా నైరుతి తీరం]

ఇది నమీబియా. దేశానికి పేరు ఇచ్చిందే నమీబ్ ఎడారి. పక్కనే అట్లాంటిక్ సముద్రం, అయినా ఏళ్ల తరబడి సరైన వాన పడదు. కారణం కూడా ఆ సముద్రమే. బెంగ్వేలా అనే చల్లటి ప్రవాహం ఈ తీరం వెంబడి పోతుంది. దాని మీది గాలి చల్లబడి కిందనే ఉండిపోతుంది, పైన వెచ్చటి పొడి గాలి మూతలా కప్పేస్తుంది. తేమ పైకి లేచి వానమబ్బు అయ్యే దారి లేదు. అందుకని పొగమంచుగా మారి, నేలను రాసుకుంటూ లోపలికి పదుల కిలోమీటర్లు వస్తుంది. వానను ఆపేసే ఆ చలే మంచును ఇస్తోంది. ఈ ఎడారి వయసు ఐదు కోట్ల ఏళ్లకు పైనే అని అంచనా. ఇంకెక్కడా లేని ప్రాణులు ఇక్కడ పుట్టుకొచ్చాయంటే, వాటికి అంత తీరిక దొరికింది.

[తెర మీద: చిరిగిన గుడ్డల కుప్పలా ఒక మొక్క]

ఇది వెల్విట్షియా. నమీబియా రాజముద్రలో ఉన్న మొక్క. చూస్తే ఆకులు గుట్టగా ఉన్నట్టుంటాయి కానీ, ఉన్నవి రెండే. పుట్టినప్పుడు వచ్చిన ఆ రెండాకులే బతికినంత కాలం మొదట్లోంచి పెరుగుతూ ఉంటాయి, కొసలు ఎండకీ గాలికీ చీలికలు పేలికలు అవుతాయి. వెయ్యేళ్లు దాటిన మొక్కలున్నాయి. ఆఫ్రికాన్స్ భాషలో దీని పేరుకు 'రెండాకుల చావలేనిది' అని అర్థం. అయితే ఇది నమీబియాలో మాత్రమే ఉంటుందని చెప్పడం తప్పు. 1859లో ఫ్రెడరిక్ వెల్విచ్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని చూసింది పొరుగున ఉన్న అంగోలాలో. ఎడారి సరిహద్దు గీత దాటి పోయింది, మొక్కా దాటింది.

[తెర మీద: ముళ్ల పొద, మధ్యలో లేతపచ్చ కాయలు]

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ నారా పొద. ఇదీ అంగోలా దాకా కనిపిస్తుంది, కానీ దీని అసలు ఇల్లు నమీబే. పేరు పలికేటప్పుడు అక్కడి వాళ్లు ముందు నాలుకతో 'టక్' మనిపిస్తారు. ఆకులే లేవు, పచ్చటి కొమ్మలూ ముళ్లే ఆకుల పని చేస్తాయి. తల్లివేరు ఇసుకలో చాలా లోతుకు దిగి భూగర్భజలాన్ని అందుకుంటుంది. ఇది మన దోస, గుమ్మడి కుటుంబమే. పండక ముందు తింటే నోరు మండిపోతుంది. పండితే నక్కలు కూడా వదలవు, గింజలు దూరదూరాలకు చేరేది వాటివల్లే.

క్విసెబ్ నది ఒడ్డున ఉండే టోప్నార్ జనానికి నారా తరతరాల తిండి. ఒకప్పుడు ఏ కుటుంబానికి ఏ పొదలో లెక్క ఉండేది. కాయలు కోసుకొచ్చి, గుజ్జును పెద్ద పాత్రలో ఉడికించి, గింజలు వడకడతారు. మిగిలిన చిక్కటి గుజ్జును పలచగా పరిచి ఎండబెడతారు. ఎండాక అది అచ్చం తాండ్రే: చాపలా లేస్తుంది, చుట్టి దాచుకుంటారు, ముక్కలు తుంచి తింటారు. గింజలు వేరుగా, కొరికి పప్పు తినడానికి.

ఆ నది ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది. వాల్విస్ బే ఊరికి నీళ్లు తోడేది కూడా ఆ ఇసుక కిందనుంచే. ఊరిని వరద నుంచి కాపాడటానికి నది పాయ ఒకదానికి కట్ట వేశాక, ఆ పాయ వెంట నారా పొదలు ఎండిపోతూ వచ్చాయి. ఊరి అవసరం నిజమే, కానీ ఆ పొదల మీద బతికిన మనుషుల నష్టం కూడా అంతే నిజం.

[తెర మీద: గులకరాళ్లు. వాటిలో ఒకటి మొక్క.]

లిథాప్స్, అంటే రాళ్లలా కనిపించే మొక్కలు. వీటిలో సూడోట్రంకటెల్లా అనే జాతి నమీబియాలోనే ఉంటుంది. రెండు మందపాటి ఆకులు నేలలో పూడి, పైభాగం ఒక్కటే కిటికీలా వెలుతురు లోపలికి పంపుతుంది. దొంగలు వీటిని పెళ్లగించి విదేశాలకు అమ్ముతున్నారు. శేషాచలం ఎర్రచందనం ఎలా పోతోందో చూసిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కుండీలో పెంచాలని ఉంటే, విత్తనం నుంచి పెంచిన మొక్కేనా అని అమ్మేవాళ్లను అడిగి కొనండి.

[తెర మీద: ఎర్రటి దిబ్బ. మొదట ఏమీ కనిపించదు. తర్వాత ఇసుకే కదిలినట్టు ఒక పిట్ట.]

మరి నమీబియా తప్ప ఇంకెక్కడా లేని పక్షి ఏది? ఒకే ఒక్కటి: డ్యూన్ లార్క్. పిచ్చుక కన్నా కాస్త పెద్దది. వీపంతా దిబ్బ రంగే, దాని మీద గీతలు లేవు. ఉత్తరాన క్విసెబ్, దక్షిణాన కోయిచాబ్, ఈ రెండు ఎండు నదుల మధ్య ఇసుక మాత్రమే దాని లోకం. క్విసెబ్ దాటితే ఇసుక ఆగిపోయి కంకర మైదానం మొదలవుతుంది. వరద వచ్చినప్పుడల్లా నది ఇసుకను ఊడ్చేస్తుంది కాబట్టి దిబ్బలు ఆవలికి పోలేవు. దిబ్బలు పోని చోటికి ఈ పిట్టా పోదు.

దీనికి నీళ్లు తాగే అవసరం రాదు. చీమలు, సాలీళ్లు, గింజలు, వాటిలో ఉన్న తడే చాలు. పొద్దుటి చల్లదనంలో గడ్డి దుబ్బు నుంచి దుబ్బుకు పరిగెత్తుతూ, ముక్కుతో ఇసుక తవ్వుకుంటూ తింటుంది. ఎండ ముదిరాక ఒక దుబ్బు నీడలో కదలకుండా కూర్చుంటుంది.

[తెర మీద: మధ్యాహ్నం. గడ్డి దుబ్బు, దాని నీడ. నీడలో ఒక కన్ను మెరుస్తుంది.]