పన్నెండు నోడ్ల లెక్క

వేదిక మీది పెద్దలకు, కర్నూలు సర్జన్లకు, పీజీ పిల్లలకు, ముఖ్యంగా ల్యాబ్ టెక్నీషియన్లకు నమస్కారం. పేర్లు చదువుతూ పోతే సమయమంతా అందులోనే అయిపోతుంది, మన్నించండి.

రెక్టమ్ (మలాశయం) క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత, కోసి తీసిన భాగంలో మన పెథాలజీ వాళ్ళం కనీసం 12 లింఫ్ నోడ్లు (క్యాన్సర్ పాకే చిన్న గ్రంథులు) చూడాలి. అందరికీ బట్టీ వచ్చిన లెక్కే. కానీ ఇప్పుడు మన బల్ల మీదికొచ్చే రెక్టమ్ ముక్కల్లో చాలావాటికి ముందే 28 విడతల్లో 50.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్, దాంతోపాటు కెపసిటబిన్ అనే కీమో మాత్రలు పడి ఉంటాయి. లేదా 5 విడతల్లో 25 గ్రే. రేడియేషన్‌కు నోడ్‌లోని లింఫోసైట్లు (తెల్ల రక్తకణాలు) తొందరగా చస్తాయి. నోడ్ ముడుచుకుపోయి, పీచుపట్టి, కొవ్వులో కలిసిపోతుంది. బుడ్డగింజంత ఉంటుందని వెతికితే ఎక్కడ దొరుకుతుంది? కొర్రగింజంతే మిగులుతుంది, వేలికి కూడా తగలదు.

అందుకే 8 దొరికాయని సర్జన్‌ను తప్పుపట్టకండి. ఆయన పని ఎలా ఉందో మీసోరెక్టమ్ (రెక్టమ్ చుట్టూ ఉండే కొవ్వు తొడుగు) పైపొర నునుపు చెబుతుంది. చుట్టూ అంచుకు సిరా పూసి కొలిస్తే, గడ్డ 1 మి.మీ. లోపుకు వచ్చిందో లేదో కూడా తెలుస్తుంది. అలాగని "రేడియేషన్ అయింది కదా" అంటూ 4 దగ్గర చేతులు కడుక్కోవద్దు.

ఇక్కడ ఫార్మలిన్ గురించి చెప్పక తప్పదు. ఆదోని నుంచో నంద్యాల నుంచో మే నెల ఎండలో, ఇరుకు డబ్బాలో కుక్కి, పైన తడిసేంత ఫార్మలిన్ పోసి పంపితే లోపల కుళ్ళిపోతుంది. స్పెసిమెన్‌కు (కోసి పంపిన భాగానికి) పదింతలు పోయండి. అయ్యా, పదింతలు! ఇరవైనాలుగు గంటలైనా నానాక 3 నుంచి 5 మి.మీ. మందాన కోసి, సుపీరియర్ రెక్టల్ ధమని వెంట పైదాకా, గడ్డ వెనక కొవ్వులో వెతకండి. దొరక్కపోతే కొవ్వును రాత్రంతా ఆల్కహాల్‌లోనో అసిటోన్‌లోనో ఉంచి మళ్ళీ చూడండి (అసిటోన్ దగ్గర బర్నర్ వెలిగించకండి). స్పెసిమెన్ పచ్చిగా అందితే, ఫార్మలిన్‌లో వేయకముందే ధమనిలోకి మిథిలీన్ బ్లూ ఎక్కిస్తే నోడ్లు నీలంగా తేలతాయి. అప్పటికీ తక్కువైతే గడ్డ చుట్టూ కొవ్వంతా మైనపు బ్లాకుల్లో పెట్టండి.

స్లైడ్ మీద మరో చిక్కుంది. నోడ్‌లో కణాలు లేని మ్యూసిన్ (జిగురు) మడుగు మాత్రమే కనిపిస్తే అది పాజిటివ్ (క్యాన్సర్ ఉన్న నోడ్) కాదు. ఉత్త పీచైనా అంతే. కానీ "చికిత్స గుర్తులు" అని రిపోర్టులో రాయండి. బతికున్న గడ్డ కణాలుంటేనే పాజిటివ్ లెక్క.

స్కాన్ సంగతా? రేడియేషన్ తర్వాత ఎంఆర్ఐలో పొట్టి అడ్డం (తక్కువ వైపు కొలత) 5 మి.మీ. లోపుకు చిక్కిన నోడ్‌ను మంచిదనే అనుకుంటాం. అది అనుకోవడమే, తేల్చేది స్లైడే.

ఇప్పుడు సర్జన్లకు ఒక మాట. ఫారంలో రేడియేషన్ అయిందని రాస్తున్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. ఎన్ని విడతలు, ఎప్పుడు ముగిసింది, ఆపరేషన్ ఎన్ని వారాలకు. ఈ మూడూ లేకపోతే మా రిపోర్టులో స్టేజి ముందు "వై" అక్షరం (చికిత్స తర్వాతి స్టేజి అనే గుర్తు) పడదు, రోగి చేతికి తప్పుడు స్టేజి పోతుంది.