వ్యాయామానికి గంట దొరకట్లేదా? డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: హలో, లైన్‌లో ఉన్నారు, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే డాక్టర్ గారూ. నాది రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పొద్దున్నే గంటసేపు నడవమని అందరూ చెబుతారు. ఇంటి పని, పిల్లల చదువులు... ఆ గంట ఎక్కణ్ణుంచి తేవాలో తెలియట్లేదండీ. అదో టెన్షన్.

డాక్టర్: ఆ గంట కోసం వెతకడం మానేయండమ్మా. పెద్దవాళ్లు వారం మొత్తం మీద 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా ఒళ్లు కదిలిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకప్పుడు కనీసం 10 నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఆ షరతు కూడా తీసేశారు. మూడు నిమిషాలు మెట్లెక్కినా లెక్కలోకి వస్తుంది.

కాలర్: మెట్లెక్కడం కూడా వ్యాయామమేనా అండీ?

డాక్టర్: ఎందుకు కాదు? జెరెమీ మోరిస్ అనే డాక్టర్ లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించారు. డ్రైవర్లు సీట్లోంచి కదలరు. కండక్టర్లు డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంటారు. గుండెజబ్బు కండక్టర్లకే తక్కువ వచ్చింది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరినప్పటి నుంచే కాస్త లావని తర్వాత యూనిఫాం కొలతల్లో తేలింది కాబట్టి, ఘనతంతా మెట్లకే ఇవ్వలేం. అయినా పనిలో భాగంగా జరిగే కదలిక వృథా పోదని ఆ తర్వాత ఎన్నో పరిశోధనలు చెప్పాయి.

కాలర్: మా ఆఫీసులో మెట్లెక్కే పని ఉండదండీ.

డాక్టర్: కుర్చీ ఉందిగా! అంచుకి జరిగి, పాదాలు కొద్దిగా వెనక్కి లాక్కుని, చేతులు ఛాతీ మీద కట్టుకోండి. చేతుల ఊతం లేకుండా లేవండి. కూర్చునేటప్పుడు దభీమని కూలబడొద్దు. మనసులో నాలుగు లెక్కపెట్టుకుంటూ మెల్లగా దిగండి. తొడలకి అసలు పని అక్కడే. ఫోన్ కాల్ అయిన ప్రతిసారీ ఓ ఐదుసార్లు చేయండి. ఫలానా టైమని పెట్టుకుంటే మర్చిపోతాం. రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెడితే ఆ పనే గుర్తుచేస్తుంది.

కాలర్: మోకాళ్లు కొంచెం నొప్పిగా ఉంటాయండీ.

డాక్టర్: సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి. గుచ్చినట్టు నొప్పి వస్తే ఆపేసి, మీ డాక్టర్‌కి చూపించండి. ఛాతీ బిగబట్టినట్టు అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

యాంకర్: నడిచేటప్పుడు ఎంత వేగం ఉండాలి డాక్టర్ గారూ?

డాక్టర్: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

కాలర్: మధ్యలో రెండు రోజులు తప్పితే?

డాక్టర్: తప్పనివ్వండి. దానికి రెట్టింపు చేయొద్దు. మూడో రోజు మొదటి ఫోన్ కాల్ పెట్టేయగానే మళ్లీ ఐదుసార్లు లేవండి, అంతే.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్, హలో...