మధ్యాహ్నపు గాలితో: అయోనియన్ దీవుల మధ్య పడవ ప్రయాణం

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

గ్రీసు దీవుల మధ్య తెరచాప పడవలో తీరిగ్గా తిరగడం గురించి చెప్పమన్నారు. దీవుల కంటే ముందు గాలి గురించి చెబుతాను. అక్కడ రోజు ఎలా గడవాలో తేల్చేది గాలే.

గ్రీసుకి తూర్పున ఏజియన్ సముద్రం, పడమర అయోనియన్ సముద్రం. మనం ఫొటోల్లో చూసే తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు ఏజియన్ దీవులవి. అక్కడ జులై, ఆగస్టు నెలల్లో మెల్టెమి అనే ఉత్తర గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, గాలి మాత్రం రోజుల తరబడి తగ్గదు. దీనికి మన దేశంతో సంబంధం ఉంది. నైరుతి రుతుపవనాలని మన మీదికి లాక్కొచ్చే వేసవి అల్పపీడనం పడమరగా టర్కీ దాకా సాగుతుంది. అదే సమయంలో గ్రీసుకి ఉత్తరాన ఉన్న బాల్కన్ దేశాల మీద అధికపీడనం నిలబడుతుంది. ఆ రెంటి మధ్య ఏజియన్ మీదుగా గాలి పరుగెడుతుంది. మనకి వానలు పడే నెలల్లోనే అక్కడ చిన్న పడవలు రేవు దాటలేక ఆగిపోతుంటాయి.

అందుకే తీరిగ్గా తిరగాలనుకునే వాళ్లకి నేను అయోనియన్ వైపు వెళ్లమని చెబుతాను. అక్కడి వేసవి గాలిని మాయిస్ట్రో అంటారు. వాయవ్యం నుంచి వస్తుంది. పొద్దున నీళ్లు కదలవు. మధ్యాహ్న భోజనాల వేళకి మెల్లగా మొదలై, మూడు నాలుగు గంటలకి బాగా అందుకుని, పొద్దుగూకేసరికి పడిపోతుంది. కాబట్టి పొద్దున ఈత, మధ్యాహ్నం తెరచాప ఎత్తడం, సాయంత్రానికి రేవు. ఒక్కో మజిలీ పది, పదిహేను నాటికల్ మైళ్లు, అంటే సుమారు పద్దెనిమిది నుంచి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. పడవ వేగం గంటకి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, అంటే సైకిల్ మీద వెళ్లేవాళ్లు మనల్ని దాటిపోతారు. ఆ వేగంలోనే ఈ దీవులు అర్థమవుతాయి. ఇక్కడి ఊళ్లు సముద్రం వైపు ముఖం పెట్టి కట్టినవి. కారులో కొండ దిగి వస్తే ముందు వాటి పెరళ్లు కనిపిస్తాయి.

బయల్దేరడానికి లెఫ్కాడా దీవి మంచి చోటు. దగ్గర్లోని ప్రెవెజా విమానాశ్రయంలో దిగుతారు. క్రీ.పూ. 31లో ఆంటోనీ, క్లియోపాత్రాలు ఓడిపోయిన ఆక్టియం యుద్ధం ఆ పక్క నీళ్లలోనే జరిగింది. లెఫ్కాడాని ప్రధాన భూభాగం నుంచి వేరుచేసే కాలువని మొదట తవ్వించింది క్రీ.పూ. ఏడో శతాబ్దంలో గ్రీకు నగరమైన కొరింథు వాళ్లు. ఇప్పుడు దాని మీద తేలే వంతెన ఉంది. దాన్ని తెరిచేదాకా ఉత్తరం నుంచి వచ్చే పడవలు వరసలో ఆగాల్సిందే. దక్షిణానికి వస్తే మెగనీసి, దాని పక్కనే 1963లో గ్రీకు ఓడల వ్యాపారి, కోటీశ్వరుడు ఒనాసిస్ కొన్న స్కార్పియోస్. ఆ దీవి మీద లోకానికున్న మోజు నాకు లేదు. మెగనీసి ఉత్తర తీరంలో చేతివేళ్లలా చీలిన ఇరుకైన అఖాతాలు చూడండి, ఒక్కోదాంట్లో ఒక్కో పూట గడిపేయవచ్చు.

అక్కడి నుంచి కెఫలోనియా ఉత్తరపు కొసన ఉన్న ఫిస్కార్డో. 1953 ఆగస్టు భూకంపంలో కెఫలోనియా, ఇథాకా, జకింథోస్ దీవుల్లో ఊళ్లకి ఊళ్లు కూలిపోయాయి, వేలమంది వలసపోయారు. ఫిస్కార్డో దాదాపు చెక్కుచెదరలేదు. రేవు చుట్టూ ఇప్పుడు కనిపించే పాత ఇళ్లు, కూలిపోయిన మిగతా ఊళ్లు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యాలు. ఆ ఒక్క కారణానికైనా అక్కడ రెండు రాత్రులు ఉండమంటాను.

ఈ రేవుల్లో పడవ కట్టే పద్ధతి గురించి వివరంగా చెప్పాలి. మన తీరంలో నది సముద్రంలో కలిసే మొగలోకి పడవ రావాలంటే పోటు కోసం చూస్తాం. మధ్యధరాలో ఈ భాగంలో ఆటుపోట్లు లేనట్టే. నీటిమట్టం పెద్దగా మారదు కాబట్టి పడవ వెనకభాగాన్ని గట్టుకి ఆనించి కట్టేస్తారు. గట్టుకి నలభై యాభై మీటర్ల దూరంలోనే లంగరు వదిలి, ఇంజిన్ మీద వెనక్కి వస్తారు. ముందు ఒకరు గొలుసు వదులుతూ ఉంటే వెనక ఇద్దరు తాళ్లు పట్టుకుని నిలబడతారు. గట్టు మీది ఇనుప కడియాలకి రెండు తాళ్లు బిగించాక, ముందు గొలుసు లాగి బిగువు చూస్తారు. అటూ ఇటూ పడవలుంటాయి, పక్కనుంచి గాలి తోస్తుంది, అన్నం తింటున్న వాళ్లంతా చూస్తుంటారు. మొదట్లో ఎవరికైనా టెన్షనే. కానీ పక్క పడవల వాళ్లు లేచొచ్చి తాడు అందుకుంటారు. మీరూ రేపు వేరేవాళ్లకి అందుకోవాలి. పొద్దున లంగరు ఎత్తితే పక్కవాళ్ల గొలుసు చిక్కుకుని పైకి రావడం మామూలే. అప్పుడు ఓపికగా విడదీయాలి తప్ప అరవకూడదు.

ఇథాకా వెళ్లినప్పుడు కియోని రేవులో ఆగండి, అఖాతం మొదట్లో శిథిలమైన మూడు గాలిమరలు కనిపిస్తాయి. హోమర్ కావ్యంలోని వీరుడు ఒడిస్సియస్ రాజ్యమని పేరున్న దీవి కాబట్టి ఇక్కడికి చాలామంది పురాణం వెతుక్కుంటూ వస్తారు. నేను మాత్రం నీళ్లలోకి చూడమంటాను. అడుగున నల్లగా కనిపించేది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది, చేపపిల్లలు దాంట్లోనే పెరుగుతాయి. ఒక్క లంగరు ఈడిస్తే ఏళ్ల ఎదుగుదల పోతుంది. పైగా ఆ గడ్డిలో లంగరు సరిగా పట్టదు కూడా. లేత రంగులో కనిపించే ఇసుక మీదే వదలండి. దయచేసి ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

ఇక కాలం. మే, జూన్, సెప్టెంబరు మంచివి. సెప్టెంబరులో నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, రద్దీ తగ్గుతుంది. పడవ మీరే నడపాలంటే గుర్తింపు పొందిన సర్టిఫికెట్ చూపించాలి. అది లేనివాళ్లు జీతం మీద స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపేవాళ్లని పెట్టుకోవచ్చు. నేర్చుకున్నా ధైర్యం చాలనివాళ్లు, దారి చూపే పడవ వెంట గుంపుగా సాగే ఫ్లోటిల్లాలో చేరవచ్చు. రోజూ పొద్దున ఆనాటి గాలి గురించి, సాయంత్రం చేరాల్సిన రేవు గురించి ఆ దారి చూపే పడవ వాళ్లే చెబుతారు.