లివర్‌లో గడ్డ, కోత లేని చికిత్స: ఎవరిని ఏమని అడగాలి?

సమర్పకురాలు: నమస్కారం. లివర్ కేన్సర్ గడ్డలకు కోత లేని చికిత్సల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. స్టూడియోలో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ, అంటే స్కాన్‌లో చూసుకుంటూ సూదితోనో గొట్టంతోనో చికిత్స చేసే డాక్టరు గారు, ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ఫైళ్లు చూసే కోఆర్డినేటర్ గారు ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మా నాన్నగారికి 62 ఏళ్లు. హెపటైటిస్ బి ఉంది, లివర్ గట్టిపడిందన్నారు. ఇప్పుడు నాలుగున్నర సెంటీమీటర్ల గడ్డ. ఆపరేషన్ కుదరదు, టేస్ చేయించమన్నారు. కార్డు మీద అవుతుందా అంటే తలో మాట చెబుతున్నారు.

డాక్టర్: సీటీ తీయించారా బాబూ? సీడీ ఉందా?

శ్రోత: రిపోర్టు కాగితమే ఇచ్చారండీ. కాంట్రాస్ట్ సీటీ అని రాశారు.

డాక్టర్: చాలామందికి పని ఆగేది అక్కడే. లివర్‌కి రక్తం ఎక్కువగా పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది. ఈ రకం కేన్సర్ గడ్డ మాత్రం లివర్‌కి వెళ్లే హెపాటిక్ ధమని మీద బతుకుతుంది. అందుకే గజ్జలోంచో మణికట్టులోంచో సన్నటి గొట్టం ఆ ధమనిలోకి పంపి, డాక్సోరుబిసిన్ అనే కేన్సర్ మందును లిపియోడాల్ నూనెలో కలిపి గడ్డలోకి వదిలి, వెనకాలే జెల్‌ఫోమ్ అనే స్పాంజి ముక్కలతో దారి మూసేస్తాం. టేస్ అంటే ఇదే. ఇది చేయాలా వద్దా అన్నది ట్రైఫేజిక్ సీటీ చూసే చెప్పగలం. స్కాన్ కోసం కాంట్రాస్ట్ మందు ఎక్కించిన అర నిమిషానికి ఒకసారి, నిమిషం దాటాక ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి తీయాలి. గడ్డ మొదట మెరిసి తర్వాత వెలవెలబోతే, సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడిన జబ్బు ఉన్నవాళ్లకు చాలాసార్లు బయాప్సీ కూడా అక్కర్లేదు. ఒక్క ఫేజే తీస్తే మళ్లీ తీయించాల్సిందే. స్కాన్ సెంటర్లో ముందే చెప్పండి: మూడు ఫేజులూ కావాలి, సీడీ కావాలి.

శ్రోత: రక్త పరీక్షలేమైనా కావాలాండీ?

డాక్టర్: బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, ఏఎఫ్‌పీ. బిలిరుబిన్ 3 దాటిందంటే మామూలుగా చేయం, గడ్డకన్నా ముందు లివర్ దెబ్బతింటుంది. పోర్టల్ సిర ముఖ్య నాళమే మూసుకుపోయినా అంతే. వైరస్ మందు మొదలుపెట్టారా?

శ్రోత: ఇంకా లేదండీ.

డాక్టర్: ఈ వారమే గ్యాస్ట్రో డాక్టరుకు చూపించి మొదలుపెట్టించండి. ఈ చికిత్స తర్వాత వైరస్ విజృంభించే అవకాశం ఉంది.

కోఆర్డినేటర్: కార్డు సంగతి నేను చెబుతాను. నెట్‌వర్క్ హాస్పిటల్ అని బోర్డున్నంత మాత్రాన అన్ని విభాగాలకూ అనుమతి ఉండదు. హాస్పిటల్లో పథకం పనులు చూసే మిత్ర దగ్గరికెళ్లి ‘కేన్సర్ చూస్తారా’ అని అడిగితే అవునంటారు, మీ పని మాత్రం కాదు. అడగాల్సినవి రెండు. ఈ ప్రొసీజర్ కోడ్ మీ హాస్పిటల్‌కి మంజూరైందా? దీన్ని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపే డీఎస్ఏ మెషీన్ ఇక్కడే ఉన్నాయా? రెండింటికీ అవునంటేనే ఫైలు పెట్టించండి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు తేడా ఉంటే ముందే సరిచేయించండి. ప్రీఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతికి ఫైలు పంపాక, పథకం నడిపే ట్రస్టు డాక్టర్లు సందేహం అడగొచ్చు. దానికి జవాబు హాస్పిటలే పెట్టాలి. వాళ్లు పెట్టకపోతే మీ ఫైలు అలాగే పడి ఉంటుంది, మీకు కబురు రాదు. కేసు నంబరు రాసుకుని రోజు విడిచి రోజు మిత్రను అడగండి, కదలకపోతే 104కి చేయండి.

శ్రోత: కోడ్ లేదంటే?

కోఆర్డినేటర్: ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ అడగాలి. హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద ఎస్టిమేట్, రిపోర్టులు, ఆధార్, కార్డు తీసుకుని ఎమ్మెల్యే గారి ఆఫీసులో ఇవ్వండి. ఎల్ఓసీ అంటే ఖర్చు భరిస్తామని హాస్పిటల్‌కి ఇచ్చే హామీ పత్రం. అది చికిత్సకు ముందే తెచ్చుకోవాలి, బిల్లు కట్టేశాక కాదు.

సమర్పకురాలు: గన్నవరం నుంచి ఒకమ్మాయి.

శ్రోత: మేడమ్, మా అమ్మకి 2.2 సెంటీమీటర్ల గడ్డ. చిన్నదే కదా, మూడు నెలలు చూద్దామంటున్నారు మావాళ్లు.

డాక్టర్: చూడొద్దమ్మా! అది కేన్సరేనని స్కాన్‌లో తేలితే, 3 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే అబ్లేషన్‌కి మంచి సమయం. అల్ట్రాసౌండ్‌లోనో సీటీలోనో చూసుకుంటూ చర్మంలోంచి సూది గుచ్చి, గడ్డతో పాటు చుట్టూ అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వరకూ మంచి లివర్ భాగాన్నీ వేడితో కాల్చేస్తాం. పెరిగిన కొద్దీ ఆ అంచు దొరకదు, గడ్డ మిగిలిపోతుంది. పిత్తాశయం పక్కనుంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. పెద్ద రక్తనాళం పక్కనుంటే పారే రక్తం వేడిని లాగేస్తుంది, అప్పుడు రేడియో తరంగాల వేడితో కాల్చే ఆర్ఎఫ్ఏ కన్నా మైక్రోవేవ్‌తో కాల్చడం నయం. మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) నాట్కో కేన్సర్ సెంటర్లో గానీ సీడీ చూపించి అబ్లేషన్‌కి పనికొస్తుందా అని సూటిగా అడుగు. వాళ్లు ఎక్కడికి పంపినా కాగితం మీద రాయించుకో.

సమర్పకురాలు: చివరి కాల్, సత్తెనపల్లి.

శ్రోత: మా ఆయనకి టేస్ చేసి మూడు రోజులైందండీ. వంద జ్వరం, కుడి డొక్కలో నొప్పి, అన్నం సయించట్లేదు.

డాక్టర్: వారం దాకా ఇలా ఉండొచ్చమ్మా, గడ్డ చచ్చేటప్పుడు వచ్చే బాధ ఇది. పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు దాటనివ్వకండి, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు నాలుగు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అసలొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. చలితో వణికినా, కళ్లు పచ్చబడినా, మత్తుగా పడుకున్నా, పొట్ట ఉబ్బినా ఆ రాత్రే తీసుకెళ్లండి.

శ్రోత: ఒకసారితో అయిపోతుందాండీ?

డాక్టర్: నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ మూడు ఫేజుల సీటీ తీస్తేనే తెలుస్తుంది. గడ్డ ఇంకా మెరుస్తుంటే రెండోసారి చేయాలి.

కోఆర్డినేటర్: రెండోసారికి ప్రీఆథరైజేషన్ మళ్లీ పెట్టాలమ్మా. డిశ్చార్జి కాగితంలో స్కాన్ తేదీ ఉందో లేదో ఇప్పుడే చూడండి, లేకపోతే రేపే వెళ్లి రాయించుకోండి.