మతం మారితే ఇంటి జాగా ఎవరిది? బాలి ఊళ్ల సంగతి

హోస్ట్: నమస్తే అండీ. ఈ ఎపిసోడ్‌లో ఇండోనేషియాలోని బాలి గురించి. మేడమ్, అక్కడ హిందువు క్రైస్తవంలోకి మారితే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనా?

న్యాయవాది: మతం సంగతి తర్వాత, ముందు ఆ జాగా ఏ రకమో తేల్చుకోవాలండీ. సొంత డబ్బు పెట్టి కొన్నదైతే ఊరికి దానితో పని లేదు. పాత ఇళ్లు చాలామటుకు ‘కరాంగ్ దేసా’ మీద ఉంటాయి. నేల దేసా అదత్‌ది, అంటే సంప్రదాయ గ్రామానిది. కుటుంబానికి అనుభవ హక్కే. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, వంశం ఆగిపోతే ఊరికి పోతుంది.

హోస్ట్: మరి అద్దె ఏమైనా కట్టాలా?

న్యాయవాది: అద్దె కాదు, ‘అయహాన్’, అంటే ఊరికి చేయాల్సిన సేవ. ఊరి మూడు గుళ్లు పుర పుసే, పుర దేసా, పుర దలెమ్. వాటి పండగలకు వెదుళ్లు మోయాలి, పందిళ్లు వేయాలి, నైవేద్యాలు సిద్ధం చేయాలి, చందా ఇవ్వాలి. పీటముడి ఇక్కడే పడుతుంది. మారినవాడు గుడి పనికి రానంటాడు, పని చేయనివాడికి జాగా ఎందుకని ఊరు అడుగుతుంది. పైగా పెరట్లో కులదేవతల గుడి ఉంటుంది, దాని పూజ ఎవరు చూస్తారు?

హోస్ట్: అయితే వెంటనే వెళ్లగొడతారా?

న్యాయవాది: ఊరును బట్టి ఉంటుంది. ముందు ఆ ఊరి కట్టుబాటు, ‘అవిగ్ అవిగ్’, సంపాదించి చదవాలి. అన్నో తమ్ముడో ఆ అయహాన్ భుజానికెత్తుకుంటే జాగా ఆ ఇంట్లోనే నిలుస్తుంది. ఎవరూ లేకపోతే బేరానికి దిగాల్సిందే. నేల ఊరిదైనా కట్టిన ఇల్లు తనదే కదా, దాని విలువ రాతపూర్వకంగా తేల్చుకోవాలి. కుదరకపోతే ఊళ్లో తగవులు తీర్చే కెర్త దేసా, ఆ తర్వాత సంప్రదాయ గ్రామాల మండలి అయిన మజెలిస్ దేసా అదత్, చివరకు కోర్టు.

హోస్ట్: భూమి సర్టిఫికెట్ మనిషి పేరున ఉంటే?

న్యాయవాది: అదో పెద్ద తలనొప్పి. 1960 భూచట్టం కింద ఊరిని యజమానిగా ఎక్కించే దారి చాలాకాలం లేదు. 1986లో గుళ్లకు మాత్రం దొరికింది. దాంతో కొన్ని ఊరి జాగాలు కుటుంబ పెద్ద పేరున ఎక్కిపోయాయి. 2017లో మంత్రిత్వశాఖ ఉత్తర్వు వచ్చాకే ఊరు ఉమ్మడి హక్కుదారు అయింది. సర్టిఫికెట్‌లో పేరు చూసి ఊరుకోకండి, ఆ జాగాకు అయహాన్ ఉందా అని బెందేసాను, అంటే ఊరి పెద్దను, అడగండి.

హోస్ట్: తల్లిదండ్రుల ఆస్తిలో వాటా?

న్యాయవాది: 2010లో బాలిలోని అప్పటి సంప్రదాయ గ్రామాల మండలి సభ తేల్చింది: మతం విడిచినవాళ్లకు వారసత్వ వాటా లేదు. అయితే తల్లిదండ్రులు తమ స్వార్జితంలోంచి మనసుపూర్తిగా ఇచ్చే ‘జీవదాన’ తీసుకోవచ్చు. మన దగ్గర మతం మారినందుకు వారసత్వం పోదు. కానీ మారాక పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తి రాదు, ఆ బంధువు చనిపోయేనాటికి వాళ్లు హిందువులై ఉంటే తప్ప.

హోస్ట్: ఈ గొడవ కొత్తదేమీ కాదనుకుంటా.

న్యాయవాది: కాదు. 1930లలో మారిన కుటుంబాలకు ఊళ్లలో పొసగలేదు. పడమటి బాలి అడవి కొట్టుకుని 1939లో ప్రొటెస్టెంట్లు బ్లింబింగ్‌సారి, 1940లో కేథలిక్కులు పలసారి ఊళ్లు కట్టుకున్నారు. ఇంకో మాట. ఇల్లు సర్దుకున్నా శ్మశానం దగ్గర మళ్లీ పేచీ వస్తుంది, ఎందుకంటే అదీ ఊరిదే. ఒప్పందం రాసుకునేటప్పుడే ఖననం ఎక్కడో కూడా అందులో రాయించుకోవాలి.